శరణాలయం నడిపిన బారిస్టరు
(నరసరావుపేటలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పల్నాటి పల్లెల్లో తిరిగేటప్పుడు భర్త పోయిన ఆడవాళ్ళు మనల్ని తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "మళ్ళీ పెళ్ళి చేసుకుంటే పొలం పోతుందంట గదమ్మా?" ఈ భయం ఎక్కడిదో తెలియాలంటే ఒక లాయరు కథ చెప్పుకోవాలి.

ఉన్నవ లక్ష్మీనారాయణ 1877లో గుంటూరు జిల్లా వేములూరుపాడులో పుట్టారు. డబ్లిన్ వెళ్ళి బారిస్టరు చదివారు. ఆయన పుట్టడానికి ముందే, 1856లో, వితంతు వివాహం చట్టబద్ధమైంది. కానీ అదే చట్టంలోని రెండో సెక్షను మళ్ళీ పెళ్ళాడిన స్త్రీకి మొదటి భర్త ఆస్తిలో హక్కు లేకుండా చేసింది. అత్తింటివాళ్ళు పొలం లాక్కుని, పుట్టింటివాళ్ళు తలుపేసుకుంటే ఆమె ఎక్కడికి పోవాలి?

లక్ష్మీనారాయణ, ఆయన భార్య లక్ష్మీబాయమ్మ ఆ ప్రశ్నను కోర్టుకు వదిలెయ్యలేదు. 1902లో గుంటూరులో వితంతు శరణాలయం పెట్టారు. వితంతు వివాహాలు జరిపించారు. 1922లో శారదానికేతనం స్థాపించి ఆడపిల్లలకు చదువూ చేతిపనులూ నేర్పించారు. హక్కు కాగితం మీద ఉంటే చాలదు, నిలబడడానికి నీడా బతకడానికి పనీ కావాలని వాళ్ళకు తెలుసు.

మన పల్నాడుకూ ఆయన రుణం ఉంది. 1921లో అడవిలో పశువుల్ని మేపినందుకు సర్కారు పుల్లరి అడిగితే రైతులు ఎదురు తిరిగారు. వారి తరఫున మాచర్ల వచ్చిన లక్ష్మీనారాయణను జైల్లో పెట్టారు. 'మాలపల్లి' నవల అక్కడే రాశారు. ప్రభుత్వం దాన్ని నిషేధించింది.

ఆయన గురించి ఇంత చెప్పుకుంటాం. శారదానికేతనాన్ని ఏళ్ళ తరబడి భుజాన మోసిన లక్ష్మీబాయమ్మకు మాత్రం చరిత్రలో ఒక్క వాక్యమే దక్కుతుంది. ఆ లోటు మనమే పూరించాలి.

ఇక మొదటి ప్రశ్న. 1856 చట్టాన్ని 1983లో రద్దు చేశారు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భర్త ఆస్తిలో భార్యకు సంక్రమించిన వాటా ఆమె సొంతం. ఆ తర్వాత మళ్ళీ పెళ్ళి చేసుకున్నా అది పోదు. కానీ పోతుందన్న మాట ఊళ్ళో ఇంకా బతికే ఉంది. అది చెప్పి సంతకాలు పెట్టించుకునేవాళ్ళూ ఉన్నారు. అందుకే చట్టం వివరించి ఊరుకోకండి. పాసుపుస్తకం ఎవరి పేరున ఉందో చూడండి. ఆమె వెంట మండలాఫీసుకు నడవండి.