ఫీజు ఒక్కటే కడితే చాలదు

జింబాబ్వేలో మోలా అనే మారుమూల పల్లె ఉంది. ఆడపిల్లలు హైస్కూలుకు ఎందుకు రావడం లేదో తెలుసుకోవాలని 1991లో ఆన్ కాటన్ అనే బ్రిటిష్ మహిళ అక్కడికి వెళ్లారు. ఆచారాలే అడ్డమని అప్పటిదాకా చాలామంది అనుకునేవారు. తల్లిదండ్రులనే అడిగితే డబ్బు లేదన్నారు. ఒక్కరికే ఫీజు కట్టే స్తోమత ఉంటే, రేపు ఉద్యోగం వస్తుందన్న ఆశతో కొడుకును పంపేవారు. అక్కడే ఇద్దరమ్మాయిలు, మోలా బడిలో ఫీజు తక్కువని దాదాపు వంద కిలోమీటర్లు నడిచొచ్చి, గుడిసెలో తామే వండుకుంటూ చదువుకుంటున్నారు!

కాటన్ కేంబ్రిడ్జ్‌లో కేకులు అమ్మి డబ్బు పోగుచేశారు. 1993లో 32 మంది అమ్మాయిల చదువుకు సాయం చేస్తూ క్యాంఫెడ్ సంస్థ మొదలైంది. ఫీజుతో పాటు యూనిఫాం, బూట్లు, పుస్తకాలు, నెలసరి ప్యాడ్లు, బడి దూరమైతే హాస్టల్ ఖర్చూ ఇస్తారు. నన్నడిగితే హాస్టలే పెద్ద సాయం. ఇంటి దగ్గరుంటే మైళ్ల నడక, ఆపైన నీళ్లు, కట్టెల పని. పుస్తకం తీసేసరికి చీకటి. ఒంటరిగా అద్దె గదిలో ఉంటే రక్షణ ఉండదు.

ఆ తొలి 32 మందిలో ఒకరైన ఏంజెలీన్ మురిమిర్వా తర్వాత ఆ సంస్థకే సారథి అయ్యారు. చదువు పూర్తిచేసిన అమ్మాయిలు తమ ఊళ్లలో చిన్నపిల్లల ఫీజులకు ఇప్పుడు తామే చేయూతనిస్తున్నారు.