చెక్క మిద్దెపై టైల్సు: ముందు చేయవలసిన పని



పూర్వము కట్టిన మేడయిండ్లలో దూలములు వేసి, వాటిపై టేకు పలకలు పరచెడివారు. అట్టి భవనము పంచాయతీ అధీనములో ఉండి, మేడగదిలో గ్రంథాలయము నడపదలచినచో, టైల్సు పరచుటకు ముందు చెక్క నేలను సిద్ధపరచుట ముఖ్యమని మేము మనవి చేయుచున్నాము.

కర్ర వానకాలమున తేమ పీల్చి ఉబ్బును, ఎండకాలమున కుంచించును. టైలుకు ఆ గుణము లేదు. అడుగు వేసినపుడు నేల ఊగినను టైలు పగులును.

కావున మొదట దూలములను పరీక్షించి, చెదపట్టిన కర్రను మార్చవలెను. కదలు పలకలను మేకులతోగాక మరమేకులతో బిగించి, ఎగుడుదిగుళ్లను చదును చేయవలెను. పిదప నీటికి తట్టుకొను ప్లైవుడ్డును బిగించి, దానిపై సిమెంటు బోర్డును జిగురు సిమెంటుతోను, మరమేకులతోను అమర్చవలెను. బోర్డుల నడుమ 3 మిల్లీమీటర్లు, గోడల వద్ద 6 మిల్లీమీటర్లు సందు విడువవలెను. క్రింది అతుకుపై పై అతుకు పడరాదు.

టైల్సు క్రింద 5 సెంటీమీటర్ల మందమున ఇసుక సిమెంటు పరచినచో చదరపు మీటరుకు సుమారు 100 కిలోల బరువు పడును. పుస్తకముల బీరువాలు దానికి అదనము. ఆ బరువంతయు క్రింది గదిలో కూర్చుండువారి తలలపై నుండునని మరువరాదు. పలుచని జిగురు సిమెంటే మేలు.

దూలములు ఆ బరువును మోయగలవని ఇంజనీరు చెప్పిన పిదపనే తీర్మానము చేయుడు. మోయలేవన్నచో పలకలనే బాగుచేసి, నూనె పూసి వాడుకొనుడు. టైల్సు పరచిన పిదప అడుగున ఉన్న లోపము కంటికి కానరాదు.