సముద్రం పక్కనే ఉండి బిందె పట్టుకుని నిలబడ్డాం: చెన్నై ఉప్పునీళ్ళ కథ

పోయిన ఎపిసోడ్ కింద ఒక కామెంట్ వచ్చింది. "అన్నా, మనకి ఇంత సముద్రం ఉంది కదా, ఆ నీళ్ళు తాగేస్తే కరువే ఉండదు కదా?" అని. నవ్వొచ్చింది. ఎందుకంటే 2019 జూన్‌లో అచ్చం ఇదే మాట నేనూ అన్నాను, చేతిలో ఖాళీ బకెట్‌తో.

అప్పుడు చెన్నై ఓఎంఆర్‌లో ఉద్యోగం, పీజీలో ఉండేవాణ్ణి. పొద్దున ఒక బకెట్, సాయంత్రం ఒక బకెట్. అంతే. స్నానమా, బట్టలా, ఏది కావాలో మీరే తేల్చుకోండి అన్నాడు ఓనర్. వాటర్ లారీ కోసం రోజుల తరబడి ఎదురుచూపు. కొన్ని కంపెనీలు ఇంటి నుంచే పని చేసుకోమన్నాయి. కరోనా కోసం కాదండీ, నీళ్ళు లేక! మా మేడ మీదకెక్కితే మాత్రం సముద్రం కనిపించేది.

ఇంటికి ఫోన్ చేస్తే మా మామ లైన్లోకొచ్చాడు. మాది నెల్లూరు జిల్లా. "ఏందబ్బాయ్, మా కయ్యలు ఎండిపోతా ఉంటే కాలవ నీళ్ళు మీకే కదా వస్తుండేది, ఇంకేంది ఏడుపు?" అన్నాడు. నాకేం చెప్పాలో తెలియలేదు.

ఆ కాలవే తెలుగుగంగ. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ ముఖ్యమంత్రులుగా ఉన్నప్పటి ఒప్పందం. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్ర తలా 5 టీఎంసీల కృష్ణా నీళ్ళు వదులుకోవాలి. దారిలో ఇంకిపోయేవీ ఆవిరయ్యేవీ తీసేస్తే 12 టీఎంసీలు చెన్నైకి. శ్రీశైలం, సోమశిల, కండలేరు దాటుకుని పూండి చెరువుకి చేరాలి. కండలేరు నుంచి బార్డర్ దాకా ఆంధ్రలోనే 152 కిలోమీటర్లు. నీళ్ళు మొదటిసారి చేరింది 1996లో. చాలా ఏళ్ళు 12లో సగం కూడా చేరలేదు. తప్పు ఎవరిది అని కొట్టుకోవచ్చు గానీ, అసలు సంగతి వేరే: వాన పడకపోతే మా కండలేరూ ఎండుతుంది, చెన్నై రెడ్‌హిల్స్ చెరువూ ఎండుతుంది. ఇద్దరూ ఒకే మబ్బు మీద ఆధారపడ్డారు.

సముద్రానికి ఆ బాధ లేదు. అందుకే చెన్నై 2010లో మీంజూరు దగ్గర, 2013లో నెమ్మేలి దగ్గర ఉప్పునీటిని మంచినీరు చేసే ప్లాంట్లు పెట్టింది. ఒక్కొక్కటి రోజుకి 10 కోట్ల లీటర్లు.

మరి అవి ఉండగా 2019లో మనకెందుకు ఆ గతి? ఊరికి రోజుకి 80 కోట్ల లీటర్ల పైనే కావాలి. ఆ జూన్‌లో ఇవ్వగలిగింది దాదాపు 52 కోట్లు. అందులో దగ్గర దగ్గర మూడో వంతు సముద్రం నీళ్ళే. చెరువులు ఎండినా అది ఆగలేదు. ఇంకో లెక్క చూడండి. జూలైలో జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్ళు తెచ్చారు, టీవీల్లో చూసే ఉంటారు. 50 వ్యాగన్లు, 25 లక్షల లీటర్లు. పూజ చేసి పూలు చల్లారు. మీంజూరు ప్లాంటు పూర్తిగా నడిస్తే ఒక్క రోజులో అలాంటి రైళ్ళు 40.

ఎలా పనిచేస్తుందంటే, మీ వంటింట్లో ఆర్‌ఓ మెషిన్ ఉంది కదా, దాని పెద్దన్నయ్య అనుకోండి. సముద్రపు నీళ్ళు లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పు. ముందు ఇసుక, నాచు వడగడతారు. తర్వాత సన్నటి పొర గుండా నీటిని బలంగా నెట్టాలి. ఎంత బలం? 60 బార్ల దాకా, అంటే కారు టైర్లో ఉండే ఒత్తిడికి పాతిక రెట్లు. నీళ్ళు అటు వెళ్తాయి, ఉప్పు ఇటే ఆగుతుంది. వచ్చిన నీళ్ళు మరీ చప్పగా ఉంటాయి, పైపుల్ని తినేస్తాయి కూడా. అందుకే మళ్ళీ కాస్త సున్నం లాంటి ఖనిజాలు కలుపుతారు.

ఇక్కడే బిల్లు మొదలవుతుంది. వెయ్యి లీటర్లకి 3 నుంచి 4 యూనిట్ల కరెంటు. ఇంట్లో ఏసీ రెండు మూడు గంటలు వేసుకున్నట్టు. ఒక కుటుంబానికి పెద్ద విషయం కాదు. 10 కోట్ల లీటర్లకి? రోజూ మూడు నాలుగు లక్షల యూనిట్లు! ఆ కరెంటు బొగ్గుతో వస్తే, వానల్ని చెడగొట్టే పొగతోనే వాన లేని లోటు పూడుస్తున్నామన్నమాట.

ఇంకోటి ఉప్పు. 100 లీటర్లు తీసుకుంటే మంచినీళ్ళయ్యేది 40, 45. మిగతాది దాదాపు రెట్టింపు ఉప్పుతో సముద్రంలోకే తిరిగి వెళ్తుంది. సరిగా చెదిరిపోయేలా వదలకపోతే అడుగున పేరుకుని అక్కడి జీవాలకి ముప్పు. వేటకెళ్ళే వాళ్ళ అభ్యంతరం ఇదే. నీళ్ళు తాగేది ఓఎంఆర్‌లో మేము, వల ఖాళీగా వస్తే నష్టం వాళ్ళది. దీన్ని "అభివృద్ధికి అడ్డు" అని తీసిపారేసేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట.

మెల్‌బోర్న్ కథ కూడా వినండి. కరువు చూసి భయపడి భారీ ప్లాంటు కట్టారు, 2012లో పూర్తయ్యేసరికి వానలొచ్చేశాయి. 2017 దాకా దాని నీళ్ళే వాడలేదు, డబ్బు మాత్రం కడుతూనే ఉన్నారు. దండగా? నన్నడిగితే ఇన్సూరెన్స్. బండికి యాక్సిడెంట్ అవలేదని ప్రీమియం దండగ అనం కదా.

కానీ ప్రీమియం ఎంత కట్టగలమో చూసుకోవాలి. మురుగునీటిని శుద్ధి చేయడం మామూలుగా ఇంతకంటే చవక, ఎందుకంటే అందులో ఉప్పు చాలా తక్కువ. చెన్నైలోనే కోయంబేడు, కొడుంగైయూరు దగ్గర అలా చేసి ఫ్యాక్టరీలకిస్తున్నారు. ముందు అది, పైపుల లీకులు, చెరువుల పూడిక. తర్వాత సముద్రం. ఇది నా లెక్క. చెన్నై మాత్రం ఆగలేదు. 2024 ఫిబ్రవరిలో నెమ్మేలిలో ఇంకో 15 కోట్ల లీటర్ల ప్లాంటు తెరిచారు. పక్కనే పేరూరులో 40 కోట్ల లీటర్ల దానికి 2023లో శంకుస్థాపన చేశారు.

మొన్న సంక్రాంతికి మామకి ఇదంతా చెప్పా. మొత్తం విని, "అయితే ఆ 12 టీఎంసీలు మాకు మిగులుతాయా?" అన్నాడు. "ఒప్పందం ఒప్పందమే మామా. కాకపోతే కరువు ఏడాదిలో ఆ గేటు కోసం రెండు ఊళ్ళూ కొట్టుకోవడం తగ్గొచ్చు" అన్నా. "తగ్గినప్పుడు చెప్పు" అని మోటారు వేయడానికి వెళ్ళిపోయాడు.

మీ ఊళ్ళో ఎండాకాలం ట్యాంకర్ రేటు ఎంతో కింద రాయండి. వచ్చే వారం ఆ రేట్లతోనే ఒక ఎపిసోడ్ చేద్దాం.