తుప్పు పట్టిన ఇరుసుతో టైరు బండి

పంచాయతీ సభ్యులారా,

పాత లారీల ఇరుసులు వర్కుషాపుల ప్రక్కను, పాత ఇనుము దుకాణములందును తుప్పు పట్టి పడియుండుట మనము చూచుచునే యున్నాము. వానిని ఇనుము తూనికకు అమ్మువారు కొందరు. దొరకినదే తడవుగా బండికి బిగించువారు మరికొందరు. ఈ రెండును తొందరపాటే యని మేము మనవి చేయుచున్నాము. ఇరుసు వయస్సు ముఖ్యము కాదు. అది బరువు మోయగలదా లేదా యన్నదే ముఖ్యము.

టైరు బండి వలని మేలు మీరెఱుగనిది కాదు. ఇనుప పట్టా చక్రము మనము వేసికొన్న కంకర రోడ్డును కోసివేయును. గాలి టైరు ఆ బరువునే వెడల్పుగా పరచును. చక్రము బేరింగులపై తిరుగును గనుక ఎడ్లకు శ్రమ తగ్గును.

ఇక పరీక్ష మాట. మొదట ఇనుప బ్రష్షుతో తుప్పు గీకించవలెను. తుప్పు పైపొరకే పరిమితమైనచో భయము లేదు. బేరింగు కూర్చుండు చోట గుంటలు పడినచో ఆ ఇరుసును విడిచిపెట్టవలెను. పిమ్మట నిప్పునకు దూరముగా నుంచి కిరసనాయిలు పూసి, కొంతసేపు ఆగి, పొడిగుడ్డతో బాగుగా తుడిచి, మెత్తని సుద్దపొడి అద్దవలెను. పగులున్నచో అందు దాగిన నూనె ఊరి, తెల్లని సుద్దపై తడిగీతగా కనబడును. అట్టి ఇరుసును అతికించి వాడరాదు. వెల్డింగు వేడిమికి ప్రక్కనున్న ఉక్కు పెళుసెక్కును. నిండు బరువుతో పోవునపుడు అచ్చటనే విరుగును. అపుడు పోవునది ఇనుము కాదు, రైతు ప్రాణము, అతని ఎడ్లు.

మంచి ఇరుసును చట్రమునకు యూ-బోల్టులతో బిగించవలెను. లారీ ముందు ఇరుసైనచో చక్రములు ప్రక్కలకు తిరుగకుండ కీళ్లను గట్టిగా బంధించవలెను. బేరింగులను కడిగి, గరుకుగా తిరుగువానిని మార్చి, క్రొత్త గ్రీజు నింపవలెను. సులువుగా దొర్లు బండి పల్లమున ఎడ్ల మీదికి తోసికొనివచ్చును. కావున బ్రేకు తప్పనిసరి.

చట్టమును కూడ గమనింపుడు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము ట్రెయిలరు సైతము మోటారు వాహనమే. కావున ఈ ఇరుసుతో ట్రాక్టరు వెనుక కట్టు బండిని చేయించినచో రిజిస్ట్రేషను వలయును. మేము చెప్పునది ఎడ్లబండిని గూర్చియే. ఎడ్లబండికైనను ఎంత బరువు వేయవచ్చునో 1965 నాటి కేంద్ర నియమములు ఎద్దు పరిమాణమును, బండి రకమును బట్టి నిర్ణయించినవి. బండి తేలికగా నడచుచున్నదని బస్తాలు పెంచరాదు.

పంచాయతీకి చెందిన పాత వాహనముపై ఆశ పెట్టుకొనవలదు. 15 సంవత్సరములు దాటిన ప్రభుత్వ, స్థానిక సంస్థల వాహనముల రిజిస్ట్రేషను 2023 ఏప్రిల్ 1 నుండి చెల్లదు. అట్టివి గుర్తింపు పొందిన తుక్కు కేంద్రమునకే పోవలెను. ఇరుసును దుకాణములో రసీదుతోనే కొనుడు.

ఎడ్లబండ్లు నడచు ప్రతి గ్రామమునందును పంచాయతీవారు ఒక దినము నిర్ణయించి, కమ్మరిని, మెకానిక్కును పిలిపించి, రైతుల ఎదుటనే ఇరుసులను పరీక్ష చేయించవలెనని కోరుచున్నాము. ఒక దినపు శ్రమ, కొంచెము సుద్దపొడి: ఇంతకు మించిన ఖర్చు లేదు.