గుండుసూది సాక్ష్యం



ఎరిక్ కేస్ట్‌నర్ 1929లో రాసిన పిల్లల నవలలో ఎమిల్ తండ్రి లేని బిడ్డ. అమ్మమ్మకు ఇవ్వమని అమ్మ పంపిన డబ్బును రైల్లో దొంగ కొట్టేస్తాడు. బెర్లిన్ పిల్లలంతా వాడి వెంటపడతారు. ఎమిల్ ఆ నోట్లను కోటుకు గుచ్చుకున్న గుండుసూది బెజ్జాలే చివరికి దొంగను పట్టిస్తాయి.

మనది జంక్షన్ ఊరు. ఈ కథ చదివి వినిపించి, పిల్లలచేత స్టేషన్ నుంచి ఇంటికి దారి పటం గీయించండి. కాగితపు నోట్లకు బెజ్జాలు పొడిచి, గుర్తుపట్టే ఆట ఆడించండి. ఒకరిని ఫోన్ దగ్గరే కాపలా ఉంచండి. కథలో అమ్మమ్మ ప్రత్యేకంగా మెచ్చుకున్నది అలా కదలకుండా కూర్చున్న చిన్నవాడినే.

ఎమిల్ మోసింది అమానత్. మీరిచ్చే ప్రతి రూపాయీ అంతే. యతీం పిల్లలకు ఫీజుతోపాటు వారానికొక గంట, ఒక కథ కూడా ఇవ్వండి.