పంచుకొనుట పసివానికి ఎట్లు అలవడును?



పెనుగంచిప్రోలు పిల్లలకు మునేటి యిసుకతిన్నెలను మించిన ఆటస్థలము లేదు. పిచ్చుకగూళ్లు కట్టునపుడు ఒకడు తడి యిసుక తెచ్చును, ఒకడు పాదముపై దానిని మెత్తును. తగవులు తక్కువ; వంతు తప్పించువాడు గుంపునకొక్కడు ఎటులను ఉండనే యుండును.

ఆ మూడేండ్లవాడే యింటికి వచ్చి, పొరుగు బిడ్డ తన కొండపల్లి యేనుగును ముట్టినంతనే ఇల్లు పీకి పందిరి వేయును. తల్లి నలుగురిలో సిగ్గుపడి, ఆ బొమ్మను లాగి పొరుగు బిడ్డ చేతిలో పెట్టును. ఇందువలన వానికి పంచుకొనుట రాదు. బలముగలవారు లాగికొనవచ్చునని మాత్రము తెలియును.

నిజమునకు ఆ తల్లి సిగ్గుపడనక్కరలేదు. స్విట్జర్లాండు పిల్లలను పరిశీలించి ఫేర్ మొదలగువారు 2008లో ప్రకటించినదానినిబట్టి, మూడు నాలుగేండ్లవారిలో పెక్కుమంది తమ లాభమే చూచుకొందురు. ఏడెనిమిదేండ్లకు పెక్కుమంది సమభాగమును కోరుదురు. పెద్దలు చేయదగినది వేరొకటి కలదు. హామన్, టొమసెల్లో మొదలగువారు మూడేండ్ల పిల్లలచేత ఇద్దరిద్దరుగా త్రాళ్లు లాగించి బహుమానములు సంపాదింపజేసి, ఆ ఫలితములను 2011లో ప్రకటించిరి. కలసి లాగగా వచ్చినవానిని పిల్లలు చాలసారులు సమముగా పంచుకొనిరి. కష్టపడక దొరికినవానిని అంతగా పంచుకొనలేదు. మునేటి యొడ్డున తగవులేల తక్కువయో దీనివలన ఊహింపవచ్చును.

గ్రంథాలయములోను ఇంతే. 1947లో మొదలైన చందమామ వచ్చుచుండిన దినములలో ఒక్క ప్రతికి నలుగురు పిల్లలు మూగెడివారు. అట్టిచోట "ఇచ్చివేయుము" అని గద్దించుటకంటె, పెద్దవాడు చదువగా చిన్నవాడు పుటలు త్రిప్పునట్లు కూర్చుండబెట్టుట మేలు. పుస్తకములకు అట్టలు వేయు పనిని పిల్లలకే అప్పగించి, పిదప ఆ పుస్తకములనే వారి నడుమ పెట్టి చూడుడు.