భీమా సంస్థల లెక్కలు



ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి పల్లెలయందు మనవారు పెక్కురు వరిచేలను, చేపల చెఱువులను నమ్ముకొని, మిగిలిన నాలుగు రూకలు జీవిత భీమాకు కట్టుచున్నారు. భీమా మనకు క్రొత్త గాదు. 1925లో భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు బందరున ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని స్థాపించిరి. 1956లో జీవిత భీమా జాతీయ మయ్యెను.

నేడు కట్టిన సొమ్ము ఇరువది యేండ్లకు మన బిడ్డలకు ముట్టవలెను. అంతవఱకు కంపెనీ నిలుచునా యనుటకు దాని లెక్కలే సాక్ష్యము. 2017లో వెలువడిన అంతర్జాతీయ ప్రమాణము, ఐ.ఎఫ్.ఆర్.యస్. 17, చెప్పున దిది: వసూలైన ప్రీమియము వెంటనే లాభము గాదు; రక్షణ నిచ్చినకొలదియే లాభము చూపవలెను; నష్టము తోచినచో తక్షణమే చూపవలెను. చేపపిల్లను విడిచిననాడే పట్టుబడి సొమ్ము వ్రాసికొను రైతు గలడా? తెగులును దాచినవాడు బాగుపడునా?

మన ప్రభుత్వము దీనిని ఇండ్ ఏ.యస్. 117 అను పేర 2024 ఆగష్టు 12న ప్రకటించెను. సెప్టెంబరులోనే సవరించి, హైదరాబాదునందలి భీమా నియంత్రణ సంస్థ ప్రకటించువఱకు, తల్లి కంపెనీల ఉమ్మడి లెక్కలకై పాత 104వ ప్రమాణము ననుసరింపవచ్చు ననెను. పరదేశపు కొలతను మన నేలకు సరిచూచుకొనుట తప్పుగాదు. సరిచూచుట జాప్యమునకు సాకు గారాదు.

కావున విద్యావంతులగు మన యువకులు ఈ లెక్కలు నేర్చి పల్లెలయందు విప్పిచెప్పవలెనని ప్రార్థించుచున్నాము.